ధరతో ఆటాడించినవాడు

మార్క్ గుడ్‌సన్ 1915లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టాడు. బర్క్‌లీలో చదివి, రేడియోలో పనిచేసి, 1946లో బిల్ టాడ్‌మన్‌తో కలిసి గేమ్ షోల కంపెనీ పెట్టాడు.

వాళ్ల 'ద ప్రైస్ ఈజ్ రైట్' 1956లో మొదలైంది. అప్పుడది వేలంపాట లాంటిది. 1972లో మళ్లీ తెచ్చినప్పుడు అందులో చిన్న చిన్న ధరల ఆటలు పెట్టారు. నాకు బాగా నచ్చింది 'ఎనీ నంబర్'. అప్పట్లో కారు ధరకి 4 అంకెలు, చిన్న బహుమతికి 3, పిగ్గీ బ్యాంకుకి 3. మొత్తం 10. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కో అంకె ఒక్కసారే. ఏది చెప్పినా ఎక్కడో ఒకచోట పడుతుంది. ఏ ధర ముందు నిండితే అది మీది. వట్టి చేతులతో ఎవరూ వెళ్లరు.

'బుల్స్ ఐ' మాత్రం తేలిపోయింది. కారు ధర సరిగ్గా చెప్పడానికి 7 అవకాశాలు, ప్రతిసారీ ఎక్కువో తక్కువో చెప్తారు. అచ్చం మన బైనరీ సెర్చే! కానీ 7 ఊహలతో తేల్చగలిగేది 127 ధరల్లో ఒకదాన్నే. ఎవరూ గెలవలేదు, ఎత్తేశారు. అదే ఏడాది వచ్చిన 'క్లాక్ గేమ్'లో ఊహలకి లెక్క లేదు, 30 సెకన్ల గడువుంది. కారు బదులు చిన్న వస్తువులు. అది నిలబడింది.

గుడ్‌సన్ 1992లో పోయాడు. మన ఫెస్ట్‌కి ఆటలు తయారుచేసేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి: కష్టంగా ఉంటే చాలదు, ఆడేవాడికి గెలిచే దారి కనబడాలి.