ఫ్లోరెన్స్ నైటింగేల్: దీపమూ, లెక్కల పుస్తకమూ

ప్రత్యేక సంచికకు ఒక గొప్పవారి జీవితం గురించి రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసే సమయానికి నేను మూసాపేటలో ఒక ఫంక్షన్ హాలులో కూర్చుని ఉన్నాను. ఆ రోజు మా మనవరాలి కాలేజీలో పట్టాల ప్రదానం. బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళూ పూర్తి చేసింది. ఎవరి గురించి రాయాలా అని నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. వేదిక మీద పూలదండ వేసి పెట్టిన పటంలోనే ఆవిడ ఉంది.

ముందు ఆ వేడుక సంగతి చెబుతాను. చూడని మిత్రులకు తెలుస్తుంది. పట్టాలు పంచడం అయ్యాక హాలులో లైట్లన్నీ ఆర్పేశారు. వేదిక మీద పెద్ద ఇత్తడి కుంది వెలుగుతోంది. ప్రిన్సిపాల్ గారు ఆ జ్యోతి నుంచి తన చేతిలోని దీపం వెలిగించుకున్నారు. ఆవిడ నుంచి టీచర్లు, వాళ్ళ నుంచి చదువు ముగించిన పిల్లలు, ఈ పిల్లల నుంచి కొత్తగా చేరిన మొదటి సంవత్సరం వాళ్ళు వరసగా వెలిగించుకున్నారు. తర్వాత అందరూ కలిసి ఇంగ్లీషులో ప్రమాణం చదివారు. మునుపు నర్సులు నెత్తిన పెట్టుకునే తెల్ల టోపీ మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఇప్పుడు చాలాచోట్ల మానేశారట. దానికి ముచ్చటపడి వచ్చిన మా ఆవిడ కాస్త నిరుత్సాహపడింది.

మా వియ్యపురాలు ఆ పటం వంక చూసి, ఈ దొరసాని ఎవరని అడిగారు. దీపం పట్టుకుని యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి సేవ చేసిన తల్లి అని చెప్పాను. అందరం చెప్పేది అంతే. స్కూలు పుస్తకాల్లో చదువుకున్నదీ అంతే. కానీ ముప్పై మూడేళ్ళు పద్దులు రాసి రిటైరైన నాలాంటివాడికి ఆవిడ మీద గౌరవం దీపం వల్ల కలిగింది కాదు. ఆవిడ గొప్ప లెక్కల మనిషి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. నేపుల్స్‌లో పుట్టిన అక్కకు ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థినోపి అని పెట్టారు కనుక చెల్లెలు అదృష్టవంతురాలనే చెప్పాలి. ఇంగ్లండులో వాళ్ళది కలిగిన కుటుంబం. ఎండాకాలానికి ఒక బంగళా, తక్కిన రోజులకు ఇంకొక బంగళా. తండ్రి విలియం ఆడపిల్లలకు తానే స్వయంగా గ్రీకు, లాటిన్, చరిత్ర నేర్పాడు. ఆ కాలానికి అది పెద్ద వింతే. చిన్నామెకు గణితం మీద మోజు. గణితంతో ఆడపిల్లకేం పని అని తల్లి గొడవ.

1837లో, పదహారేళ్ళ వయసులో, దేవుడు తనను సేవకు పిలిచినట్టు ఆమెకు తోచింది. ఆ సేవ ఏమిటో తేల్చుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. తేలాక 1845లో, సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్నాళ్ళు పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగింది. ఇల్లంతా అట్టుడికిపోయింది. ఆ రోజుల్లో నర్సు అంటే చదువూ సంధ్యా లేని, తాగి తూలే మనిషి అని లోకం అభిప్రాయం. డికెన్స్ తన నవలలో శేరీ గాంప్ అనే పాత్రను అలాగే సృష్టించి జనాన్ని నవ్వించాడు. అలాంటి పనికి మన పిల్లను పంపడమా అని తల్లీ అక్కా మంచం పట్టినంత పని చేశారు. పిల్ల ఊరుకుంది. పెద్దలు చూసిన మంచి సంబంధం, కవీ పార్లమెంటు సభ్యుడూ అయిన వ్యక్తిది, 1849లో వద్దనేసింది. తెల్లవారకముందే లేచి దీపం పెట్టుకుని ఆసుపత్రుల నివేదికలు చదివి, అంకెలు నోటు పుస్తకాల్లో ఎక్కించుకుని, ఫలహారం వేళకు ఏమీ ఎరగనట్టు అందరితో వచ్చి కూర్చునేది. నా దృష్టిలో ఆవిడ మొదటి దీపం అదీ.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1989లో మా అమ్మాయి ఇంటర్ పాసై నర్సింగులో చేరతానంది. అప్లికేషను కూడా తెచ్చుకుంది. నేను వద్దన్నాను. రాత్రి డ్యూటీలన్నాను, ఎవరెవరి మలమూత్రాలో ఎత్తాలన్నాను, రేపు పెళ్ళి సంబంధాల దగ్గర ఏం చెప్పుకోవాలన్నాను. అప్లికేషను నా టేబులు సొరుగులోనే ఉండిపోయింది. అది బి.కాం. చదివింది, పెళ్ళి చేశాం, సుఖంగానే ఉంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తన కూతురు ఇదే చదువు చదువుతానన్నప్పుడు మాత్రం నన్ను సలహా అడగకుండా ఫీజు కట్టి వచ్చింది.

నైటింగేల్‌కు దారి దొరకడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. 1851లో జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండను హార్లీ వీధిలో జబ్బు పడ్డ స్త్రీల కోసం నడిచే ఒక సంస్థకు సూపరింటెండెంటు అయింది. జీతం లేదు. తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఏర్పాటు చేశాడు. ఆ తండ్రి ముందు వద్దన్నవాడే. తర్వాత మనసు మార్చుకున్నాడు, డబ్బూ ఇచ్చాడు. నాకంటే నయం.

మరుసటి ఏడే క్రిమియా యుద్ధం. గాయపడ్డ సైనికుల దుస్థితిని టైమ్స్ పత్రిక విలేఖరులు రాస్తే దేశమంతా గగ్గోలెత్తింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు స్నేహితుడు. ఆయన కోరిక మీద 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని బయల్దేరి 1854 నవంబరు 4న టర్కీలోని స్కుటారీ చేరింది. ఆసుపత్రిగా మార్చిన పాత బారకాసు అది. కింద మురుగు నిలిచిపోయి కుళ్ళుతోంది, వార్డుల్లో ఎలుకలు, పక్కబట్టల్లో పేలు, తాగే నీళ్ళు చెడినవి. మిలిటరీ డాక్టర్లు మొదట వీళ్ళను వార్డుల్లో అడుగు పెట్టనివ్వలేదు. ఆవిడ పేచీ పెట్టుకోలేదు. వంటశాల సర్దింది, చొక్కాలు కుట్టించింది, బట్టలుతికే ఏర్పాటు చేసింది. రోగులు తండోపతండాలుగా వచ్చిపడ్డాక డాక్టర్లే పిలిచారు.

రాత్రిళ్ళు ఒక్కతే లాంతరు పట్టుకుని వార్డులన్నీ తిరిగేది. 1855 ఫిబ్రవరిలో ఒక లండను పత్రిక బొమ్మ వేసింది, 1857లో అమెరికన్ కవి లాంగ్‌ఫెలో పద్యం రాశాడు, దీపధారిణి అన్న పేరు స్థిరపడిపోయింది. ఒక చిన్న దిద్దుబాటు. పిల్లలు వేడుకలో పట్టుకున్నది అల్లావుద్దీన్ కథలోని దీపం ఆకారంలో ఉంది, ఆవిడ బొమ్మల్లోనూ అలాగే వేస్తారు. నిజానికి ఆమె పట్టుకున్నది టర్కీ వాళ్ళ లాంతరు. పైనా కిందా ఇత్తడి, మధ్యలో మడతలు పడే గుడ్డ, లోపల కొవ్వొత్తి. అలాంటిదొకటి లండనులోని సైనిక మ్యూజియంలో ఉంది. పిల్లలు చదివిన ప్రమాణం కూడా ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలో డెట్రాయిట్ నగరంలో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సింగ్ అధికారిణి పూనుకుని తయారు చేయించి, గౌరవార్థం నైటింగేల్ పేరు పెట్టారు.

అసలు సంగతి ఆ దీపం కింది చీకటిలో ఉంది. ఆవిడ వెళ్ళాక కూడా స్కుటారీలో చావులు తగ్గలేదు, పెరిగాయి. ఆ చలికాలంలో నాలుగు వేల మందికి పైగా పోయారు. 1855 ఫిబ్రవరిలో చికిత్సకు వచ్చిన ప్రతి 100 మందిలోనూ 40 మందికి పైగా చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య బృందం వచ్చి మురుగు కాలవలు కడిగించి, గోడలకు సున్నం వేయించి, కిటికీలు తెరిపించాక జూను నాటికి 100కు 2 దగ్గరికి దిగింది. అప్పుడు ఆమెకు ఇది పూర్తిగా బోధపడలేదు. తిండి లేక, ఆలస్యంగా చేరడం వల్ల పోతున్నారనుకుంది. 1856 ఆగస్టులో ఇల్లు చేరాక, విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని లెక్కలు వేస్తే తేలింది. ఆ యుద్ధంలో పోయిన సుమారు 21 వేల బ్రిటిష్ సైనికుల్లో 16 వేల మందికి పైగా రోగాలతో పోయినవారే. తన కళ్ళ ముందు, తన ఆసుపత్రిలోనే, తన సేవ అందుతూ ఉండగానే చాలామంది పోయారు.

దేశమంతా దేవతని కొలుస్తున్న మనిషికి ఆ అంకెలు ఎలా కనిపించి ఉంటాయో! దాచిపెట్టుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆవిడ దాచలేదు. నెలనెలా మరణాలను రంగురంగుల రేకులతో పువ్వులాగా గీసి, 1858లో అచ్చు వేయించింది. రోగాలతో పోయినవారికి నీలం, గాయాలతో పోయినవారికి ఎరుపు. ఆ బొమ్మలో నీలం ఎంత ఉందో చూస్తే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు. లండనులోని గణాంక శాస్త్ర సంఘం ఆమెను తొలి మహిళా సభ్యురాలిగా చేర్చుకుంది. మన ఆఫీసుల్లో సరిపోని పద్దు కనిపిస్తే ఏం చేసేవాళ్ళమో మిత్రులకు నేను చెప్పాలా?

క్రిమియాలో సోకిన జ్వరం ఆమెను వదల్లేదు. 1857 నుంచి దాదాపు మంచానికే అంకితం. ముప్పై ఏడేళ్ళకే అలా అయిపోయి, మంచం మీద నుంచే తక్కిన పనంతా చేసింది. 1859లో నర్సింగ్ మీద పుస్తకం వెలువరించింది. ప్రజలు ఇచ్చిన చందాలతో 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం తెరిపించింది. మా మనవరాలి చదువుకు మూలం అక్కడుంది.

మన దేశానికి ఆమె ఒక్కసారీ రాలేదు. కానీ మన దేశం మీద నలభై ఏళ్ళు పనిచేసింది. ఇక్కడి దండు స్థావరాలన్నిటికీ ప్రశ్నలు పంపి జవాబులు తెప్పించింది. ఇల్లు మారినప్పుడల్లా ఆ కాగితాల్ని బండిలో వేసి తీసుకుపోవాల్సి వచ్చేదట. 1863లో నివేదిక వచ్చింది. అప్పటికి ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది పోతుండగా, పదేళ్ళలో అది 18కి తగ్గింది. మొదట సైనికుల కోసం మొదలుపెట్టి, నెమ్మదిగా పల్లెల వైపు తిరిగింది. 1876-78లో మన రాయలసీమను కూడా మట్టుపెట్టిన ధాత కరువు ఆమెను కుదిపేసింది.

మాది గోదావరి జిల్లా కనుక తర్వాతి సంగతి నాకు మరీ ఇష్టం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఇంగ్లండు వెళ్ళాక, రైళ్ళకంటే కాలవలు ముఖ్యమని వాదిస్తే ప్రభుత్వంలో వినేవాళ్ళు తక్కువ. నైటింగేల్ ఆయన పక్షాన నిలబడి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, పత్రికల్లో వ్యాసాలు రాసింది. నీళ్ళుంటే తిండి ఉంటుంది, తిండి ఉంటే రోగం ఉండదు అన్నది ఆమె లెక్క. మా వైపు స్నాన సంకల్పంలో కాటన్ దొరను తలుచుకునే పెద్దలుండేవారు. ఆయన పక్కన ఈవిడ పేరూ ఉండాలని వాళ్ళకు తెలియదు.

తప్పులు లేని మనిషని అనను. రోగాలు సూక్ష్మక్రిముల వల్ల వస్తాయన్న మాటను చాలాకాలం ఒప్పుకోలేదు. నర్సులకు పరీక్ష పెట్టి రిజిస్టరులో పేరెక్కించాలన్న ఉద్యమాన్ని గట్టిగా ఎదిరించింది. ఇప్పుడు మా మనవరాలు నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరు కాకుండా ఉద్యోగంలో చేరలేదు.

చివరి రోజుల్లో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, స్త్రీలలో ఆమెకే మొదటిసారి. 1910 ఆగస్టు 13న తొంభయ్యో ఏట లండనులో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రాజలాంఛనాలతో సమాధి చేస్తామంటే, ఆమె కోరిక ప్రకారం కుటుంబం వద్దంది. ఈస్ట్ వెలో అనే పల్లె చర్చిలో, కుటుంబం వారి సమాధి దగ్గరే, రెండు పొడి అక్షరాలూ, జనన మరణ వివరాలూ మాత్రం చెక్కి ఊరుకున్నారు. ఆమె పుట్టినరోజు మే 12నే ప్రపంచమంతటా నర్సుల దినోత్సవం జరుపుతున్నారు.

వేడుక అయ్యాక అందరం నడిచే ఇంటికి వచ్చాం. కొవ్వొత్తి సగం కాలి ఉంది, మైనం నా చొక్కా మీద పడింది. మనవరాలు ఆ దీపాన్ని వాళ్ళమ్మ చేతికిచ్చి బట్టలు మార్చుకోవడానికి లోపలికి పోయింది. మా అమ్మాయి దాన్ని కాసేపు పట్టుకుని నిలబడి, తర్వాత టీవీ పక్కన పెట్టింది. నాతో ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

వచ్చే ఒకటో తారీఖు నుంచి పిల్లకు ఉద్యోగం, మొదటి వారం రాత్రి డ్యూటీ. మూసాపేట మెట్రో స్టేషను దాకా నేను తోడు వెళ్ళి దింపుతానన్నాను. అక్కర్లేదు, తను వెళ్తానంది మా అమ్మాయి.