అర్మాన్ గియోమాన్

అర్మాన్ గియోమాన్ (ఫిబ్రవరి 16, 1841 - జూన్ 26, 1927) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రసిద్ధ చిత్రకారుడు. ఇంప్రెషనిజం ఉద్యమానికి ఆద్యులలో ఒకడు. పారిస్ నగరము గుండా ప్రవహించే సెన్ నదిని, దాని తీరమందలి కర్మాగారాలను, రేవులను, పడవలను చిత్రించి పేరుపొందాడు.

బాల్యము, విద్య

ఈయన పారిస్‌లో జన్మించాడు. బాల్యము మూలాన్ పట్టణములో గడిచింది. తరువాత పారిస్ తిరిగివచ్చి బంధువుల దుకాణములో పనిచేస్తూ చిత్రలేఖనము అభ్యసించాడు. 1860లో పారిస్-ఓర్లియాన్ రైల్వే కంపెనీలో ఉద్యోగిగా చేరాడు. 1861లో అకాడెమీ స్విస్ అనే చిత్రశాలలో పాల్ సెజాన్, కామీ పిస్సారోలతో పరిచయమై, అది గాఢమైన స్నేహముగా మారింది. ప్రభుత్వ ప్రదర్శనలో తిరస్కరింపబడిన చిత్రాల కొరకు 1863లో ఏర్పాటైన ప్రత్యేక ప్రదర్శనలో ఈయన చిత్రాలు కూడా ఉన్నాయి.

ఉద్యోగము, చిత్రకళ

ఎడ్గార్ డెగా వంటి సంపన్న కుటుంబీకులకు గల వెసులుబాటు గియోమాన్‌కు లేదు. జీవనోపాధి కొరకు పిస్సారోతో కలసి కిటికీ తెరలపై బొమ్మలు వేశాడు. 1868లో పారిస్‌లోని వంతెనలు, రహదారుల శాఖలో చేరి, రాత్రులు ఉద్యోగము చేస్తూ పగటివేళ చిత్రాలు వేసేవాడు. రెండు దశాబ్దాలకు పైగా ఈయన జీవితము ఈ విధముగానే సాగింది. అయినప్పటికీ 1874 - 1886 మధ్య జరిగిన ఎనిమిది ఇంప్రెషనిస్టు ప్రదర్శనలలో ఆరింటిలో పాల్గొన్నాడు.

సెన్ నది చిత్రాలు

పందొమ్మిదవ శతాబ్దములో పారిస్ ఆగ్నేయ శివార్లలోని ఇవ్రీ, బెర్సీ ప్రాంతాలు కర్మాగారాలతోను, సరుకు రవాణాతోను నిండి ఉండేవి. నదీతీర దృశ్యాలు వేసేవారు సాధారణముగా విడిచిపెట్టే పొగగొట్టాలను గియోమాన్ చిత్రానికి ముఖ్య వస్తువుగా స్వీకరించాడు. ఇసుక పడవలు, రేవులో పనిచేసే కూలీలు, సరుకు దించే యంత్రాలు ఈయన చిత్రాలలో తరచు కనిపిస్తాయి. వీటిలో ప్రసిద్ధమైనది "ఇవ్రీలో సూర్యాస్తమయము". ఇందులో నారింజ, పసుపు వర్ణాల ఆకాశములోనికి పొగగొట్టాల నుండి పొగ వ్యాపించగా, ఆ వెలుగు నదీజలాలలో ప్రతిఫలిస్తుంది. ఈ చిత్రము 1874 నాటి మొదటి ప్రదర్శనలో ఉంచబడింది. వైద్యుడు, కళాభిమాని అయిన పాల్ గాషే వద్ద ఉండిన ఈ చిత్రము తరువాత పారిస్‌లోని ఓర్సే మ్యూజియమునకు చేరింది. బెర్సీ వద్ద సెన్ నదిని చూపే గియోమాన్ చిత్రానికి సెజాన్ స్వయముగా నకలు వేశాడు.

లాటరీ, చివరి జీవితము

1891లో లాటరీలో ఈయనకు లక్ష ఫ్రాంకులు లభించాయి. అప్పటికి వయస్సు 50 సంవత్సరాలు. వెంటనే ఉద్యోగము మాని పూర్తికాలము చిత్రకళకే అంకితమయ్యాడు. అయితే పగటి సమయమంతా తనదైన తరువాత ఈయన ఎక్కువగా చిత్రించినది సెన్ తీరపు కర్మాగారాలను కాదు. మధ్య ఫ్రాన్సులోని క్రోజాన్ గ్రామ పరిసరాలలో క్రూజ్ నదీలోయను, కొండలను, మంచును పలుమార్లు చిత్రించాడు. ఈ చిత్రాలలో రంగులు మరింత తీవ్రముగా ఉంటాయి.

1926 డిసెంబరులో క్లోడ్ మోనే మరణించిన తరువాత, మొదటి ప్రదర్శన నాటి ముఖ్య చిత్రకారులలో మిగిలినవాడు గియోమాన్ ఒక్కడే. ఆరు నెలల తరువాత ఈయన కూడా ఇవ్రీకి ఎగువన, సెన్ నది ఒడ్డునే గల ఓర్లీలో మరణించాడు.