ఆ ఎర్ర మాత్రలో మన సుబ్బారావు

మిరప కోతల కాలంలో మా ఓపీకి వచ్చే గర్భిణుల్లో పాలిపోయిన ముఖాలు చాలానే కనిపిస్తాయి. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే కొందరు తల దించుకుంటారు. విరేచనం నల్లగా అవుతోందనో, బిడ్డ నల్లగా పుడుతుందనో ఇంట్లో పెద్దవాళ్లు మాన్పించి ఉంటారు. మీ ఇంట్లోనూ అలాంటి మాత్రల పట్టీ మిగిలిపోయి ఉంటే, దానిలో సగం కథ మన తెలుగువాడిదని తెలుసుకోండి.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. పేదరికంలో చదువు సాగక, మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. ఆ ఇంటిని పట్టి పీడించిన జబ్బు స్ప్రూ. సుబ్బారావునూ అది వదల్లేదు. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు.

స్ప్రూ అంటే ఏమిటో చెబుతాను. మన చిన్నపేగు లోపలి పొర మఖమల్ గుడ్డలా ఉంటుంది. ఆ నూగులాంటి మొనలే అన్నంలోని సారాన్ని పీల్చుకుంటాయి. ఆ పొరలోని కణాలు నాలుగైదు రోజులకోసారి కొత్తవి రావాలి. స్ప్రూలో ఆ మొనలు అరిగి చదునవుతాయి. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది.

1922లో సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలుగులోకి తెచ్చారు. అయినా అక్కడ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొత్త కణం పుట్టాలంటే ఈ విటమిన్ ఉండాల్సిందే. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పుంజుకుంది, ఆకలి తిరిగొచ్చింది.

టెట్రాసైక్లిన్ తరగతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోని పరిశోధనల్లోంచే 1948లో వచ్చింది. నేటికీ ఉష్ణమండల స్ప్రూకు మేం రాసేది ఈ రెండు రకాల మందులే. తన ఇంటిని కూల్చిన జబ్బుకు ఆయన చేతి మీదుగానే జవాబు దొరికింది. ఆ ఏడాది ఆగస్టులోనే 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. వెళ్లినవారు మళ్లీ స్వదేశానికి రానేలేదు.

ఇక మీ ఇంటి సంగతి. కడుపులోని బిడ్డకు మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం నెల తిరగకముందే మూసుకోవాలి. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టర్‌ను అడిగి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. గర్భం నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అది 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. విరేచనం నల్లబడేది ఇనుము వల్ల, దానికి భయం లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధమే లేదు. టీ, కాఫీలతో మాత్రం మింగకండి.

పసిబిడ్డ పేగు రోజురోజుకూ పెరిగేదే. దానికి కావాల్సిన ఫోలిక్ ఆమ్లం తల్లిపాలలో ఉంటుంది. మేకపాలలో బాగా తక్కువ. తేలిగ్గా అరుగుతాయని పసివాడికి అవే పట్టిస్తే రక్తహీనత రావచ్చు. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి. తల్లి కంచంలో తోటకూర, పాలకూర, పెసలు, శనగలు ఉండాలి. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి, విటమిన్ వాటితోనే పోతుంది.

ఈ రాత్రి భోజనం అయ్యాక మీ ఇంటి గర్భిణికి ఆ మాత్ర మీరే అందించండి.