భూమిని కొలిచిన అల్‌ బిరూనీ

కొలతల్లో, తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్‌ఆన్‌లో ఒక సూరా మొదలవుతుంది. దాని పేరే అల్‌ ముతఫ్ఫిఫీన్. జకాత్ లెక్క వేయాలంటే మిస్ఖాల్, దిర్హమ్‌ల బరువు తెలియాలి. ఫిత్రా ఇవ్వాలంటే సా అంటే ఎంతో తెలియాలి. నమాజుకు నిలబడాలంటే ఖిబ్లా ఎటు ఉందో తెలియాలి. అందుకే మన పూర్వపండితులు కొలతల విద్యను చిన్నచూపు చూడలేదు. వారిలో అగ్రగణ్యులు అబూ రైహాన్ అల్‌ బిరూనీ (రహ్మలై).

ఆయన 973లో (హిజ్రీ 362) ఖ్వారిజ్మ్ ప్రాంతంలోని కాస్ నగర పరిసరాల్లో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. గణిత పండితుడైన అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు గురువు. 995లో అంతర్యుద్ధం వల్ల యువకుడైన బిరూనీ ఊరు విడిచి పోవలసి వచ్చింది. తిరిగి వచ్చాక, 997 మే 24 నాటి చంద్రగ్రహణాన్ని కాస్‌లో ఆయన, బాగ్దాద్‌లో అబుల్ వఫా గమనించారు. గ్రహణం రెండు చోట్లా ఒకే క్షణంలో పడుతుంది, కానీ అప్పటి స్థానిక సమయాలు వేరు. ఆ తేడాను బట్టి రెండు నగరాల రేఖాంశాల మధ్య దూరం లెక్కగట్టారు.

1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారిజ్మ్‌ను జయించి, అక్కడి పండితులతో పాటు బిరూనీని కూడా గజనీకి తీసుకుపోయాడు. ఆయన అక్కడ బందీయా, అతిథియా అన్న చర్చ చరిత్రకారుల్లో ఇంకా ఉంది. మరుసటి సంవత్సరం కాబూల్ దగ్గరి ఒక పల్లెలో ఉన్నప్పుడు ఆయన చేతిలో ఒక్క పరికరం కూడా లేదు. లెక్కలు వేసుకునే పలక మీదే వృత్తఖండం గీసి, దానికి ఒక దారం వేలాడదీసి సూర్యుని ఎత్తు కొలిచారు. గజనీ నుండి ఖిబ్లా దిశను అందాజుగా కాక లెక్క ప్రకారం తేల్చడానికి ఆయన రాసిన గ్రంథం 1025లో పూర్తయింది.

ఆయన భూమిని కొలిచిన చోటు నందనా కోట. నేటి పాకిస్తాన్ పంజాబ్‌లోని ఉప్పు కొండల్లో ఉంది. కొండ ముందు విశాలమైన మైదానం. ముందుగా మైదానంలో రెండు చోట్ల నుండి శిఖరాన్ని గురి చూసి కొండ ఎత్తు లెక్కించారు: 652 మూరల పైచిలుకు. తర్వాత శిఖరం ఎక్కి, ఆకాశం నేలను తాకినట్లు కనిపించే అంచు సమరేఖకు ఎంత దిగువన ఉందో చూశారు. సుమారు 34 నిమిషాలు, అంటే ఒక డిగ్రీలో సగం కంటే కాస్త ఎక్కువ. ఎత్తూ, ఈ కోణమూ తెలిస్తే చాలు, త్రికోణమితితో భూమి వ్యాసార్థం వస్తుంది. ఎడారిలో మైళ్ళకొద్దీ నడవనవసరం లేదు!

ఆయన లెక్క నేటి లెక్కకు ఫలానా కిలోమీటర్ల తేడాలో ఉందని మన ఉపన్యాసాల్లో తరచూ వింటుంటాం. అయితే ఆయన వాడిన మూర పొడవు కచ్చితంగా ఇంత అని తేలనిదే ఆ మాట అంత ధీమాగా అనలేం. పైగా బిరూనీయే తన ఫలితాన్ని గొప్పగా చెప్పుకోలేదు. అంతకు రెండు శతాబ్దాల క్రితం ఖలీఫా మామూన్ పంపిన బృందాలు ఎడారిలో నడిచి తేల్చిన కొలతకు అది దగ్గరగా ఉందని చూసుకుని, వారి పరికరాలు మేలైనవని వారి కొలతకే పెద్దపీట వేశారు.

భారతదేశం గురించి ఆయన 1030 ప్రాంతంలో పూర్తిచేసిన గ్రంథంలో ఇక్కడి తూనికలు, కొలతలకు ఒక అధ్యాయమే ఉంది. యోజనం అంటే ఎనిమిది అరబ్బు మైళ్ళని లెక్క చెప్పారు. ఇక్కడి త్రాసుల్లో రాయి కదలకుండా ఉండి, పళ్ళెమే గీతల వెంట జరుగుతుందని కూడా రాశారు.

లోహాలనూ రత్నాలనూ ఆయన నీటితో కొలిచారు. పక్కన గొట్టం ఉన్న పాత్రను నిండా నీటితో నింపి, బరువు తెలిసిన లోహాన్ని అందులో వేసి, పొర్లిన నీటిని తూచేవారు. గొట్టంలో నీటిబొట్లు అతుక్కుపోయి లెక్క చెడుతుంటే, గొట్టం ఆకారాన్నే మళ్ళీ మళ్ళీ మార్చి చూశారు. బంగారంలో కల్తీ కనిపెట్టడానికి ఇంతకంటే ఉపయోగపడే విద్య ఏముంటుంది?

1050 ప్రాంతంలో ఆయన గజనీలో మరణశయ్యపై ఉండగా ఒక ఫిఖ్‌హ్ పండితుడు పరామర్శకు వచ్చాడు. వారసత్వంలో అమ్మమ్మల వాటా గురించి గతంలో ఆ పండితుడు చెప్పిన లెక్కను మళ్ళీ వివరించమని బిరూనీ అడిగారు. ఈ స్థితిలో ఎందుకని అతను జాలిపడ్డాడు. తెలియకుండా పోవడం కన్నా తెలుసుకుని పోవడం మేలు కదా అన్నారట. పండితుడు వివరించాడు, బిరూనీ దాన్ని తిరిగి అప్పజెప్పారు. అతను సెలవు తీసుకుని ఇంకా దారిలో ఉండగానే ఆ ఇంటి నుండి ఏడుపులు వినిపించాయని చరిత్రకారుడు యాఖూత్ రాశాడు.