ఇంటిపని చేసిన చేతులే బడులు పెట్టాయి: భాగ్యరెడ్డి వర్మ జీవితం

 

మన తుమ్మలపల్లె నేల కింద యురేనియం ఉంది. అటు మంగంపేటలో తవ్విన ముగ్గురాయి దేశదేశాలకు పోతోంది. నేలలో ఇంత కలిమి ఉన్నా, దాని మీద బతికే మనవాళ్ళు చాలామంది కూలికీ, బేల్దారి పనికీ వలసపోతున్నారు. ఆడబిడ్డలు కువైట్ పోయి పరాయి ఇళ్ళలో వండి, అంట్లు తోమి, పిల్లల్ని సాకి ఇక్కడి అప్పులు తీరుస్తున్నారు. వాళ్ళు తిరిగొస్తే, ఎవరింట్లోనో పాచిపని చేసొచ్చిందిలే అని చులకన చేసేవాళ్ళు ఊర్లలో ఇంకా ఉన్నారు. అట్లాంటి మాట విన్నప్పుడు మనం గుర్తు తెచ్చుకోవాల్సిన పెద్దాయన భాగ్యరెడ్డి వర్మ. ఆయనా పరాయి ఇంట్లో పనిచేసి బతికిన మనిషే.

ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి రంగమాంబ రెక్కల కష్టంతో పిల్లల్ని పెంచింది. బతుకుదెరువు కోసం ఆయన ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో ఉంటూనే చదువునీ లోకజ్ఞానాన్నీ పెంచుకున్నారు. పని తక్కువదని ఆయన సిగ్గుపడలేదు. పనిచేసేవాడు తక్కువవాడు అనే మాటను మాత్రం ఒప్పుకోలేదు.

చేతిలో డబ్బు చేరాక సంఘసేవ చేద్దామని ఆయన ఆగలేదు. 1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, జగన్ మిత్ర మండలి పెట్టారు. చదువురాని జనం కోసం హరికథలూ ఉపన్యాసాలూ ఏర్పాటు చేశారు. 1911లో మాన్య సంఘం పెట్టారు. ఆ సంఘం మొట్టమొదట పట్టుకున్నది మన ఇంటి లెక్కల్నే. పెళ్ళికి అప్పుచేసి విందులు పెట్టడం, కల్లూ సారా తాగడం, పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేయడం, ఆడబిడ్డల్ని దేవుడి పేరుతో జోగినులుగా వదిలేయడం, వీటన్నిటి మీదా వాడవాడా తిరిగి చెప్పారు. మనవాళ్ళ తగాదాలు మనమే తీర్చుకునే పంచాయతీలు కూడా నడిపించారు.

దాంతోపాటే బడులు. నిజాం రాజ్యంలో సర్కారు చదువంతా ఉర్దూలో సాగే రోజులవి. ఆయన మన పిల్లలకు తెలుగులోనే చదువు చెప్పించారు. ఒకటీ రెండూ బడులతో మొదలై, అవి ఇరవైకి పైగా అయ్యాయి. రెండు వేలకు పైగా పిల్లలు వాటిల్లో చదువుకున్నారు.

అదే నగరంలో ఇంకో మనిషి ఉండేవాడు. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన్ను లోకంలోకెల్లా ధనవంతుడని చెప్పి ముఖచిత్రంగా వేసింది. ఆ రాజ్యం పల్లెల్లోనే మాలమాదిగలు కూలి లేకుండా వెట్టిచాకిరి చేస్తుండేవాళ్ళు. లోకంలో ఇంత పెద్ద సంపద, దాని పక్కనే ఇంత పెద్ద లేమి. ఇది తలరాత కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. కొందరి శ్రమకు కూలి ఇవ్వకపోతే ఆ కూలి ఇంకొకరి ఇంట్లో పోగవుతుంది. భాగ్యరెడ్డి వర్మకు ఇది తెలుసు. 1931లో భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టి, ఆ బతుకుల మీద వెట్టి మాదిగ అనే కథ తానే రాశారు.

పేరు కూడా ఆయనకు పోరాటమే. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించారు. వర్ణాలు నాలుగే అయినప్పుడు మనం అయిదోవాళ్ళం ఎట్లా అయ్యాం, మనం ఈ నేల మొదటి బిడ్డలం అని వాదించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకుంది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో మనవాళ్ళను ఆది హిందువులుగా రాయించడం వెనకా ఆయన కృషే ఉంది. ఒక పేరు మారితే కడుపు నిండదు. కానీ ఎదుటివాడు పెట్టిన పేరును తలవంచి మోసేవాడు కూలి పెంచమని కూడా అడగలేడు.

బాబాసాహెబ్ నాగపూర్ దీక్షకు దశాబ్దాల ముందే ఆయన హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపారు. ఎందుకు అటు మొగ్గారో ధమ్మం చదివితే తెలుస్తుంది. బుద్ధుడు పేదరికాన్ని గొప్పది అనలేదు. చక్కవత్తి సీహనాద సుత్తంలో, రాజు పేదలకు ధనం అందించకపోవడం వల్లనే దొంగతనం, హింస పుట్టాయని వివరించాడు. గృహస్థుడి నాలుగు సుఖాల్లో అప్పులేకపోవడాన్ని ఒకటిగా లెక్కపెట్టాడు. సిగాలోవాద సుత్తంలో పనివాళ్ళ పట్ల యజమానికీ విధులు చెప్పాడు: శక్తికి తగిన పనే చెప్పాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, రుచిగల వంటకం దొరికితే పంచాలి, వేళకు సెలవివ్వాలి. రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఈ అయిదు మాటలు కువైట్ ఇళ్ళలో ఎన్నింట అమలవుతున్నాయి? అక్కడిదాకా ఎందుకు, మన ఊర్ల తోటల్లో ఎన్నింట?

భాగ్యరెడ్డి వర్మ 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. యాభై ఒకటో ఏడు కూడా నిండలేదు.

బంధువులారా, ఆయన బతుకులో మనకు రెండు లెక్కలు దొరుకుతాయి. ఒకటి లోకం మనకు బాకీ పడ్డది: కూలి, భూమి, మంచి నీళ్ళు, చదువు. అది అడిగి, సంఘంగా నిలబడి రాబట్టుకోవాల్సిందే. మనకన్నా పేదవాళ్ళు లోకంలో ఉన్నారులే అని సర్దిచెప్పుకుంటే ఆ బాకీ తీరదు. రెండోది మన చేతిలోనే ఉన్నది: సారాకు పోయే డబ్బు, పెళ్ళికి చేసే అప్పు, బడి మాన్పించిన బిడ్డ. మొదటిది వచ్చేదాకా రెండోది ఆపుకోనక్కర్లేదని ఆయన చేసి చూపించారు.

వచ్చే పున్నమికి వందన అయ్యాక ఒక అరగంట కూర్చోండి. మన వాడలో ఈ ఏడు పెళ్ళిళ్ళకు ఎంత అప్పయింది, ఎంతమంది పిల్లలు బడి మానేశారు, కువైట్‌లో ఉన్న బిడ్డల్లో ఎవరికి జీతం సరిగ్గా అందడం లేదు అని రాసుకోండి. వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు అందరికన్నా ముందు కూర్చోబెట్టండి.