పురుగుకు పురుగే మందు – చార్లెస్ వాలెంటైన్ రైలీ

పంటకు పురుగు పట్టిందంటే చాలు, మందు కొట్టటం తప్ప మరో దారి లేదనుకుంటాం. ఆ పురుగుకూ ఓ పగవాడుంటాడనీ, వాణ్ణి వెతికి తెచ్చి తోటలో వదిలితే సగం పని అయినట్లేననీ నమ్మి, ఆ నమ్మకాన్ని చేసి చూపించిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ వాలెంటైన్ రైలీ.

ఆయన 1843 సెప్టెంబరు 18న లండనులో జన్మించారు. కొంతకాలం ఫ్రాన్సులోనూ, జర్మనీలోనూ చదివారు. పదిహేడో ఏట అమెరికా చేరి, ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక పొలంలో పనికి కుదిరారు. తర్వాత చికాగోలో ఒక వ్యవసాయ పత్రికకు పురుగుల గురించి వ్రాస్తూ, బొమ్మలు కూడా తానే గీస్తూ పేరు తెచ్చుకున్నారు. 1868లో, పాతికేళ్ళు నిండకముందే, మిస్సోరీ రాష్ట్ర కీటక శాస్త్రవేత్త అయ్యారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో ద్రాక్ష తోటలు ఎండిపోతున్నాయి. తీగ పీకి చూస్తే వేళ్ళకు కంటికి ఆనీ ఆనని పురుగులు. దాని పేరు ఫిల్లోక్సెరా. మాంట్‌పెల్యేకు చెందిన ప్లాంషోన్ దాన్ని గుర్తించారు. అది అమెరికా ద్రాక్ష ఆకులమీద బుడిపెలు చేసే పురుగేనని రైలీ 1871లో నిర్ధారించారు. పుట్టింట్లో దాన్ని తినే నల్లి ఒకటుంది. పరాయి దేశం చేరేటప్పుడు పురుగు వచ్చింది గాని, దాని శత్రువు వెంట రాలేదు. అందుకే 1873లో రైలీ ఆ నల్లిని ఫ్రాన్సుకు పంపారు. ఒక ఖండం నుంచి మరో ఖండానికి ఇలా శత్రు జీవిని పంపిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

ఫలితం? నల్లి అక్కడ బతికింది, కాని తోటలను కాపాడలేకపోయింది. ఫిల్లోక్సెరా పెరిగే వేగానికి అది చాలలేదు. చివరకు ఫ్రెంచి ద్రాక్షను గట్టెక్కించింది అంటుకట్టటమే: కింద పురుగును తట్టుకునే అమెరికా వేరు, పైన ఫ్రెంచి కొమ్మ. ఈ మార్గాన్ని బలపరచినవారిలోనూ రైలీ ఉన్నారు. అయినా మొదటి ఆలోచనను ఆయన వదల్లేదు.

పదిహేనేళ్ళు గడిచాయి. కాలిఫోర్నియా నారింజ తోటలను తెల్లని దూదిలాంటి పొలుసు పురుగు కమ్మేసింది. చెట్లు నరికి తగలబెట్టుకునే స్థితి. అప్పటికి రైలీ కేంద్ర వ్యవసాయ శాఖలో ప్రధాన కీటక శాస్త్రవేత్త. పురుగు ఆస్ట్రేలియాది కనుక శత్రువు కూడా అక్కడే ఉండాలన్నారు. ఆయన సిబ్బంది విదేశాలకు వెళ్ళకూడదని చట్టసభ ఆంక్ష. దాంతో మెల్‌బోర్న్ ప్రదర్శన ఖర్చులో కలిపి 1888లో ఆల్బర్ట్ కోబెల్‌ను పంపించారు. రైలీ ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఒక చిన్న ఈగమీద. కోబెల్ దానితోపాటు ఓ ఎర్రని అక్షింతల పురుగునూ పంపారు. మొదటి విడతల్లో చేరినవి 129 పురుగులు. లాస్ ఏంజెలెస్‌లో ఒక నారింజ చెట్టుకు గుడారం కట్టి వాటిని పెంచారు. 1889 జూను నాటికి 10,555 పురుగులను రైతులకు పంచారు. పొలుసు పురుగుకు ఒక తరం గడిచేలోగా దీనికి రెండు మూడు తరాలు పుడతాయి. అదీ కిటుకు! ఏడాది తిరక్కుండానే తోటలు తేరుకున్నాయి.

రైలీ 1895 సెప్టెంబరు 14న వాషింగ్టనులో సైకిలు తొక్కుతుండగా, దారిలో పడి ఉన్న రాయి తగిలి పడిపోయి మరణించారు. అప్పటికి 52 ఏళ్ళు నిండటానికి నాలుగు రోజులే తక్కువ.

ఆయన పోయాక అర్ధ శతాబ్దానికి కాలిఫోర్నియా నారింజ తోటల్లో డి.డి.టి. చల్లారు. అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్ళీ విరుచుకుపడింది. కాపలాదారుణ్ణి చంపి దొంగకు తలుపు తీయటమంటే ఇదే కదా!

రైలీ బాట మన దాకా కూడా వచ్చింది. 1891లో కోబెల్ మళ్ళీ వెళ్ళి కాలిఫోర్నియాకు చేర్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును 1898లో మన దేశానికీ తెచ్చారు. ద్రాక్ష తోటల్లో పిండినల్లిమీద వదిలేది దాన్నే. ద్రాక్ష కోసం మొదలుపెట్టిన పని నారింజలో గెలిచి, తిరిగి ద్రాక్ష పందిరి కిందికే వచ్చింది. మందు డబ్బా మూత తీసే ముందు ఆకు తిప్పి చూద్దాం. అక్కడ ఉన్నది శత్రువో, మిత్రుడో తెలుసుకోవటమే రైలీ నేర్పిన మొదటి పాఠం.