పుట్టుకతో ఎవరూ దొంగలు కారని నివేదిక ఇచ్చిన చిత్తూరు ఎంపీ: మాడభూషి అనంతశయనం అయ్యంగార్

ఏ సావనీరు తెరిచినా ముందు పేజీల్లో నాయకుల శుభాకాంక్షల సందేశాలు ఉంటాయి. ఫొటో, సంతకం, నాలుగు మంచి మాటలు. అవి ఉండటం తప్పేమీ కాదు. కానీ ఓటు హక్కు వచ్చిన, రాబోతున్న మన పిల్లలకు మేము ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. నాయకుణ్ణి సందేశంతో కొలవకండి, సభలో చేసిన పనితో కొలవండి. ఆ కొలత ఎలా ఉంటుందో చూపడానికి, మన చిత్తూరు నుంచి ఢిల్లీకి వెళ్లిన ఒక పెద్దాయన జీవితాన్ని ఈ సంచికలో పరిచయం చేస్తున్నాం. ఆయన మన కులం మనిషి కాదు. తిరుచానూరులో వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. అయినా మన ఎరుకల, సుగాలి పెద్దల బతుకుతో ఆయన పేరు ముడిపడి ఉంది. ఆ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4న పుట్టారు. తిరుపతిలోనూ మద్రాసులోనూ చదువుకున్నారు. కొంతకాలం లెక్కల మాస్టారుగా పనిచేశారు. తర్వాత న్యాయశాస్త్రం పూర్తిచేసి 1915 నుంచి చిత్తూరులో వకీలుగా స్థిరపడ్డారు. గాంధీజీ పిలుపుతో స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. వ్యక్తి సత్యాగ్రహంలోనూ, క్విట్ ఇండియా ఉద్యమంలోనూ జైలుకు వెళ్లారు.

1934లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అది బ్రిటిష్ వారి కాలం. సభలో కాంగ్రెస్ సభ్యులు ఓట్లతో ప్రభుత్వాన్ని ఓడించినా, వైస్రాయి తన ప్రత్యేక అధికారంతో అదే బిల్లును మళ్లీ నిలబెట్టేవాడు. 1935లో బడ్జెట్ ఆర్థిక బిల్లుకు అలాగే జరిగింది. ఓటు గెలిచినా చట్టం మారని సభ అది. అయినా ప్రశ్నలు అడగడం, లెక్కలు నిలదీయడం ఆయన మానలేదు. ఆ అలవాటే తర్వాత పనికొచ్చింది. 1950లో ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే అంచనాల కమిటీ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే.

రాజ్యాంగ సభలోనూ ఆయన సభ్యుడు. రాజ్యాంగం ముసాయిదాలో పల్లెకు చోటు లేదని 1948 నవంబరులో బాధపడిన వారిలో ఆయన ఒకరు. గ్రామ పంచాయతీల గురించి నేడు మనం చదువుకునే 40వ అధికరణం ఆ నెలలోనే ఆమోదం పొందింది. అదే సంవత్సరం ఏప్రిల్ 3న ఆయన ఇంకొక తీర్మానం పెట్టారు. మతం, కులం ఆధారంగా సభ్యులను చేర్చుకునే సంస్థలను రాజకీయాల్లో పనిచేయనివ్వకూడదని దాని సారాంశం. గాంధీజీ హత్య జరిగి అప్పటికి రెండు నెలలే. సభ దాన్ని ఆమోదించింది. కానీ దాన్ని అమలు చేసే చట్టం మాత్రం రాలేదు. ఇక్కడ మన పిల్లలు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. తీర్మానం అంటే సభ చెప్పిన మాట. చట్టం అంటే పోలీసు, కోర్టు, ఆఫీసు పాటించి తీరవలసిన మాట. మొదటిది రెండోది కాకుండానే ఆగిపోవచ్చు.

ఇప్పుడు మన కథకు వద్దాం.

రైళ్లు రాకముందు మన పెద్దలు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మేవారు. ఎరుకల వాళ్లు బుట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు. రైలు వచ్చాక ఆ రవాణా వ్యాపారం పడిపోయింది. ఒకచోట ఉండని వారంటే బ్రిటిష్ వారికి అనుమానం. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. అది మొదట ఉత్తర భారతానికే. 1911లో దాన్ని సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. 1924లో అన్నీ కలిపి మళ్లీ ఒక చట్టం చేశారు.

ఆ చట్టం పనిచేసే తీరు ఇది. ప్రభుత్వం గెజెట్‌లో ఒక కులం పేరు ప్రకటిస్తే చాలు. ఆ కులంలో పుట్టినవారిని రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకోవచ్చు. చెప్పిన వేళకు పోలీసుల ముందు హాజరు కావాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ఆ ప్రకటన తప్పని కోర్టుకు వెళ్లే దారి లేదు. అదే నేరం వేరే కులం వాడు చేస్తే ఒక శిక్ష, రిజిస్టరులో పేరున్నవాడు మళ్లీ చేస్తే ఇంకా పెద్ద శిక్ష. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. కొన్ని కుటుంబాలను సెటిల్‌మెంట్లకు తరలించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లాలో కావలి అలాంటివే. స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఒక బ్రిటిష్ అధికారి పేరే దానికి పెట్టారు.

మేము హాస్టల్లో రోజూ రాత్రి హాజరు తీస్తాం. పిల్ల అన్నం తిన్నదా, జ్వరమేమైనా ఉందా అని చూసుకోవడానికి తీసే హాజరు అది. మన ముత్తాతలకూ రాత్రి హాజరు ఉండేది. వాళ్లు దొంగతనానికి వెళ్లలేదు కదా అని చూసే హాజరు. రిజిస్టరు ఒకటే, దాని వెనక ఉన్న మనసు వేరు. చట్టం అంటే ఏమిటో పిల్లలకు ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం మాకు చేతకాదు.

ఈ చట్టానికి వ్యతిరేకంగా మన తెలుగు నేల నుంచి గొంతులు లేచాయి. యానాదుల కోసం, ఎరుకల కోసం జీవితమంతా పనిచేసిన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు దీనిపై పోరాడారు. 1936లో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ కూడా ఈ చట్టాన్ని గట్టిగా ఖండించారు. ఒక కులం మొత్తాన్ని నేరస్థులుగా ముద్రవేయడం ఏ నాగరిక న్యాయానికీ తగదన్నది ఆయన భావం. స్వాతంత్ర్యం రాగానే 1947లో మద్రాసు రాష్ట్రం తన పరిధిలో దీన్ని రద్దు చేసింది. మరి అంతటితో అయిపోయిందా? వి.కోట దగ్గర నిలబడి చూస్తే ఎందుకు కాలేదో అర్థమవుతుంది. ఇటు కొంత దూరం పోతే కర్ణాటక, అటు పోతే తమిళనాడు. పని కోసం, సంతల కోసం మనవాళ్లు ఎప్పుడూ ఎల్లలు దాటేవారే. ఒక రాష్ట్రంలో ముద్ర చెరిగి, పక్క రాష్ట్రంలో ఉంటే లాభమేమిటి? దేశమంతటికీ ఒకే నిర్ణయం కావాలి.

అందుకే 1949లో కేంద్ర ప్రభుత్వం నేరస్థ తెగల చట్టంపై విచారణ కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు మన అనంతశయనం అయ్యంగార్. అప్పటికి ఆయన సభకు డిప్యూటీ స్పీకర్ కూడా. కమిటీ 1950లో నివేదిక ఇచ్చింది. దాని ముఖ్య సిఫారసులు మూడు. ఒకటి, ఈ చట్టాన్ని దేశమంతటా రద్దు చేయాలి. రెండు, నేరాలు అలవాటైన వ్యక్తుల కోసం చట్టం అవసరమైతే అది కులం, పుట్టుక చూడకుండా ఎవరికైనా ఒకేలా వర్తించాలి. మూడు, ఇన్నాళ్లు నిఘాలో నలిగిన ఈ జనానికి చదువు, భూమి, పని కల్పించడానికి ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టాలి.

పార్లమెంటు 1952లో రద్దు చట్టం చేసింది. ఆ సంవత్సరం 24వ నంబరు చట్టం అది. ఆగస్టు 31న అమలులోకి వచ్చింది. అందుకే దేశంలోని విముక్త జాతులు ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటాయి. దేశానికి 1947లో వచ్చిన స్వేచ్ఛ, పక్క రాష్ట్రాల్లోని మన బంధువుల్లో చాలామందికి ఐదేళ్లు ఆలస్యంగా అందింది.

మరి ఆ బిల్లుకు అయ్యంగార్ గారు ఓటు వేశారా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. పార్లమెంటులో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే అవును, కాదు అనే కేకలతోనే తేలిపోతాయి. అలాంటప్పుడు ఎవరి పేరూ నమోదు కాదు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే ఒక్కొక్కరి ఓటు రికార్డుకెక్కుతుంది. పైగా రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభాధ్యక్ష స్థానంలో కూర్చున్నవారు మొదట ఓటు వేయరు. రెండు వైపులా ఓట్లు సమానమైతేనే వారికి నిర్ణాయక ఓటు ఉంటుంది. కాబట్టి ఆయన పని ఓట్ల పట్టికలో దొరకదు. నివేదికలో దొరుకుతుంది. నాయకుడి రికార్డు అంటే ఓట్లు మాత్రమే కావు. అడిగిన ప్రశ్నలు, కూర్చున్న కమిటీలు, సంతకం పెట్టిన నివేదికలు, అన్నీ రికార్డే.

1956లో తొలి స్పీకర్ మవలంకర్ గారు మరణించాక, మార్చి 8న అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పీఠం ఎక్కిన మొదటి తెలుగు ప్రాంతం వారు ఆయనే. 1957లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ స్పీకర్‌గా ఎన్నికయ్యారు. సభ్యుల ఓట్లను మీట నొక్కి నమోదు చేసే యంత్రం లోక్‌సభలోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ డిసెంబరులో ఫిరోజ్ గాంధీ ముంద్రా వ్యవహారాన్ని సభలో లేవనెత్తారు. సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీసిన ఆ చర్చ ఫలితంగా 1958లో ఆర్థిక మంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. అప్పుడు సభను నడిపిన స్పీకర్ మన చిత్తూరు ఎంపీయే.

1962లో చిత్తూరు ప్రజలు ఆయనను మళ్లీ గెలిపించారు. కానీ కొద్దికాలానికే ఆయన ఆ స్థానం వదిలి బీహార్ గవర్నరుగా వెళ్లారు. 1967 వరకు అక్కడ ఉన్నారు. ఓటు వేసిన జనం మళ్లీ ఉపఎన్నికకు వెళ్లవలసి వచ్చింది. అందులో ఎన్.జి.రంగా గెలిచారు. గొప్పవారి జీవితం చదివేటప్పుడు ఇలాంటివీ చూడాలి. 1978 మార్చి 19న అయ్యంగార్ కన్నుమూశారు.

ఆయన నివేదికలో ఒక కిటికీ తెరిచి ఉండిపోయింది. అలవాటుగా నేరాలు చేసేవారి కోసం వేరే చట్టం ఉండవచ్చన్న రెండో సిఫారసు అది. మద్రాసులో 1948లోనే అలాంటి చట్టం ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. కాగితం మీద అది ఎవరికైనా వర్తిస్తుంది. కానీ పాత రిజిస్టర్లలో ఎవరి పేర్లు ఉండేవో, కొత్త చట్టంలోనూ ముందు ఎవరి వైపు చూస్తారో మన పెద్దలకు తెలుసు. ఇప్పటికీ బజారులో ఏదైనా పోతే ముందు హాస్టల్ పిల్లల పెట్టెలు వెతకమన్న మాట మేము విన్నాం. వెతికాక ఏమీ దొరకదు. క్షమించమన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తినదు. చట్టం 1952లో పోయింది. చూపు ఇంకా పూర్తిగా పోలేదు.

అయ్యంగార్ గారు మనకు ఇచ్చింది ఆ చూపుతో పోట్లాడటానికి ఒక ఆధారం. ఎవరైనా మనల్ని పుట్టుక పేరుతో అనుమానిస్తే, ఆ మాట తప్పని ఈ దేశపు పార్లమెంటే చట్టం చేసి చెప్పిందని తలెత్తి అనవచ్చు. నివేదికలోని మూడో సిఫారసు, అంటే చదువు, భూమి, పని, ఎంతవరకు అందాయని అడిగే హక్కూ మనకుంది.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ! మీరు ఓటు వేసిన ఎంపీ సభకు ఎన్ని రోజులు వెళ్లారో, మన తండాలకు రోడ్డు గురించి, మన హాస్టళ్ల గురించి ఎన్ని ప్రశ్నలు అడిగారో, ఏ కమిటీలో ఉన్నారో చూడండి. పార్లమెంటు ఆ వివరాలను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఈసారి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు, సంతకాల నోటుపుస్తకం పక్కన పెట్టి, ఒక ఖాళీ పుస్తకంలో ఆ లెక్క రాయడం మొదలుపెట్టండి. ఊళ్లోకి ఓట్లకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిచి, మర్యాదగా, పేజీ చూపించి అడగండి.